అథ్లెట్స్ ఫుట్: తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తుంది? రన్నింగ్ చేసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలు

రన్నింగ్ అయిపోయి షూ విప్పగానే చిటికెన వేలి సందులో దురద. వేళ్లు విడదీసి చూస్తే చర్మం తెల్లగా నానిపోయి, పొరలు పొరలుగా లేచి ఉంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఏదో ఒక ట్యూబ్ చేతిలో పెడతారు. రెండు రోజులు రాస్తే హాయిగా ఉంటుంది. ట్యూబ్ పక్కన పడేస్తాం. నెల తిరక్కుండానే మళ్లీ అదే దురద, ఈసారి పక్క వేలికి కూడా.

రోజూ పరిగెత్తే చాలామందికి ఇది తెలిసిన కథే. దీన్నే అథ్లెట్స్ ఫుట్ అంటారు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, మందులు లేని జబ్బు కూడా కాదు. మరి ఎందుకు వదలదు? దీనికి కారణాలు ముఖ్యంగా మూడు. మందు మధ్యలో ఆపేయడం, స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాయడం, కాలికి వైద్యం చేసి షూని వదిలేయడం. ఈ మూడూ సరిచేసుకుంటే చాలామందికి సమస్య తీరిపోతుంది. అదెలాగో వివరంగా చూద్దాం.

అసలు అథ్లెట్స్ ఫుట్ అంటే ఏంటి?

ఇది ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. డాక్టర్లు టీనియా పెడిస్ అంటారు. ఒంటి మీద, గజ్జల్లో వచ్చే తామరకు కారణమయ్యే ఫంగస్ కుటుంబమే కాలికి కూడా పడుతుంది. అంటే ఒక రకంగా ఇది కాలి తామరే. ఎక్కువ కేసుల్లో ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ కారణం. చర్మం పై పొరలో, గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ దీనికి ఆహారం.

మన దగ్గర వానాకాలంలో, వరి నాట్ల రోజుల్లో వేళ్ల సందులు ఒరుస్తాయని పెద్దవాళ్లు అంటుంటారు. ఎక్కువసేపు నీళ్లలో ఉండటం వల్ల చర్మం నాని, రాపిడికి లేచిపోవడం అది. ప్రతి ఒరుపూ ఫంగస్ కాదు. కానీ అలా నానిన చర్మం ఫంగస్‌కి తెరిచిన తలుపు లాంటిది. రన్నర్ షూలో జరిగేది కూడా ఇదే. అక్కడ నీరు పొలంలోది, ఇక్కడ చెమటది. అంతే తేడా.

ఇది అంటుకునే జబ్బు. ఫంగస్ ఉన్న కాలి నుంచి రాలే సన్నటి చర్మపు పొరల ద్వారా తడి నేల, టవల్, సాక్స్, షూ, కాలిపట్టాల మీదుగా ఇంకొకరికి చేరుతుంది. ఎప్పుడూ చెప్పులు వేసుకుని, కాళ్లకు గాలి తగిలేవాళ్లలో తక్కువగా, గంటల తరబడి మూసిన షూలో ఉండేవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా తడే.

రన్నర్లకే ఎందుకు ఎక్కువ?

పేరులో అథ్లెట్ ఉంది కానీ, క్రీడాకారులకే వస్తుందని కాదు. రోజంతా బూట్లలో ఉండే పోలీసులు, సైనికులు, ఫ్యాక్టరీ కార్మికులకు కూడా వస్తుంది. అయితే రన్నర్లకు మాత్రం ఫంగస్‌కి కావాల్సినవన్నీ ఒకేచోట దొరుకుతాయి.

మొదటిది చెమట. షూ లోపల వేడి, తడి, చీకటి. గంట పరుగు తర్వాత సాక్స్ పిండితే నీళ్లు కారే పరిస్థితి ఉంటుంది.

రెండోది రాపిడి. వేలికి వేలు ఒరుసుకుని చర్మం మీద కంటికి కనిపించని చీలికలు పడతాయి. ఇరుకు షూ అయితే ఇంకా ఎక్కువ.

మూడోది వాతావరణం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ల లాంగ్ రన్లన్నీ జూన్, జులై వానల్లోనే పడతాయి. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకు వాన లేకపోయినా గాలిలో తేమ ఉంటుంది. ఉదయం తడిసిన షూ మర్నాడు ఉదయానికి కూడా ఆరదు. ఆ తడి షూలోనే మళ్లీ కాలు పెడతారు.

నాలుగోది కలిసి ఉండటం. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగు కోసం, ఆర్మీ ర్యాలీల కోసం ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు చాలామంది హాస్టళ్లలో, అద్దె రూముల్లో ఉంటారు. ఒకే బాత్రూమ్, ఒకే బకెట్, ఒక్కోసారి ఒకరి షూ ఇంకొకరు వేసుకోవడం కూడా మామూలే. ఒకరికి వస్తే రూమంతా చుట్టేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎలా గుర్తుపట్టాలి?

అథ్లెట్స్ ఫుట్ అందరిలో ఒకేలా ఉండదు. ప్రధానంగా ఈ రూపాల్లో కనిపిస్తుంది.

వేళ్ల సందుల్లో వచ్చేది: ఎక్కువమందిలో కనిపించేది ఇదే. చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ మధ్య మొదలవుతుంది. అక్కడ వేళ్లు దగ్గరగా అతుక్కుని ఉంటాయి, గాలి తగలదు. చర్మం తెల్లగా నానడం, పొర లేవడం, దురద, మంట, ఒక్కోసారి వాసన ఉంటాయి.

అరికాలంతా పొడిబారేది: అరికాలు, మడమ, పాదం పక్కల్లో చర్మం మందంగా, పొడిగా మారి పిండిలా రాలుతుంది. దురద తక్కువ. అందుకే చాలామంది దీన్ని మామూలు కాలి పగుళ్లు అనుకుని ఏళ్ల తరబడి మాయిశ్చరైజర్ రాస్తూ గడిపేస్తారు.

నీటి పొక్కులు వచ్చేది: అరికాలి వంపు దగ్గర చిన్న చిన్న పొక్కులు గుంపులుగా లేస్తాయి. దురద, మంట బాగా ఉంటాయి. రన్నర్లు వీటిని షూ కరవడం వల్ల వచ్చిన బొబ్బలని పొరబడుతుంటారు. రాపిడి బొబ్బ సాధారణంగా షూ ఒత్తే చోట ఒక్కటిగా వస్తుంది, నొప్పి ఎక్కువగా ఉంటుంది. ఫంగస్ పొక్కులు చిన్నవిగా, గుంపుగా, దురదతో వస్తాయి.

పుండు పడేది: ఇది తక్కువమందిలో కనిపిస్తుంది. వేళ్ల సందుల్లో చర్మం ఊడిపోయి, రసి కారి, బ్యాక్టీరియా కూడా చేరుతుంది. దీనికి సొంత వైద్యం అస్సలు పనికిరాదు.

దురద ఉన్నదంతా ఫంగస్ కాదు!

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. వేరే సమస్యకు ఫంగస్ క్రీమ్ రాసి, తగ్గలేదని ఇంకో క్రీమ్ మారుస్తారు.

అరికాలి మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడి, షూ విప్పగానే భరించలేని వాసన వస్తుంటే అది పిటెడ్ కెరటోలైసిస్ కావచ్చు. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చెమట ఎక్కువగా పట్టేవాళ్లలో మామూలే. దీనికి యాంటీబయాటిక్ పూత మందు వాడతారు.

వేళ్ల సందుల్లో గోధుమ, ఎరుపు రంగు మచ్చలా ఉండి దురద పెద్దగా లేకపోతే ఎరిత్రాస్మా అనే బ్యాక్టీరియా సమస్య కావచ్చు. ఉడ్స్ ల్యాంప్ అనే ప్రత్యేక లైట్ కింద ఇది పగడం రంగులో మెరుస్తుంది. డాక్టర్లు అలా కూడా గుర్తిస్తారు.

పాదం పైభాగంలో, షూ ఆకారంలోనే ఎర్రబడి రెండు కాళ్లకూ ఒకేలా దురద ఉంటే అది షూలో వాడే రబ్బరు, జిగురు, రంగుల వల్ల వచ్చిన అలర్జీ కావచ్చు. ఎగ్జిమా కూడా అరికాలిలో పొక్కులు తెప్పిస్తుంది.

ఏది ఏదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. పొర లేచిన చోట చర్మాన్ని కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కేఓహెచ్ టెస్ట్ అంటారు. ఫంగస్ పోగులు ఉంటే కనిపిస్తాయి. సరిగ్గా మందు వాడినా తగ్గనివాళ్లు ఇంకో ట్యూబ్ కొనేముందు ఈ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగడం మంచిది.

ఏ మందు? ఎన్ని రోజులు?

వేళ్ల సందుల్లో మాత్రమే ఉన్న మామూలు అథ్లెట్స్ ఫుట్‌కి పూత మందు సరిపోతుంది. తరచూ వాడేవి ఇవి.

టెర్బినాఫిన్ 1 శాతం క్రీమ్: వేళ్ల సందులకు సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున 1 వారం, అరికాలు, పక్కలకు 2 వారాలు.

లులికొనజోల్ 1 శాతం క్రీమ్: వేళ్ల సందులకు రోజుకు ఒకసారి చొప్పున 2 వారాలు.

క్లోట్రిమజోల్ 1 శాతం, మైకొనజోల్ 2 శాతం క్రీములు: రోజుకు రెండుసార్లు చొప్పున దాదాపు 4 వారాలు.

ఇవి మందుల మీద సాధారణంగా ఉండే లెక్కలు. మీ పరిస్థితిని బట్టి డాక్టర్ ఇంకా ఎక్కువ రోజులు చెప్పొచ్చు. అప్పుడు డాక్టర్ మాటే ఫైనల్.

మందు ఎంత మంచిదైనా రాసే పద్ధతి తప్పితే ఉపయోగం లేదు. ముందు కాళ్లు కడిగి, వేళ్ల సందులు పూర్తిగా ఆరనివ్వాలి. తడి చర్మం మీద క్రీమ్ రాయొద్దు. కనిపించే మచ్చ మీదే కాకుండా చుట్టూ 2 సెంటీమీటర్ల మేర రాయాలి. ఫంగస్ అంచుల నుంచే పాకుతుంది మరి. ఒక్కో సందుకు చిన్న బొట్టంత చాలు. మందంగా పులిమితే అదే తడిగా మారి చర్మాన్ని నానబెడుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: దురద తగ్గిందంటే ఫంగస్ పోయిందని కాదు. దురద మూడు నాలుగు రోజుల్లోనే తగ్గొచ్చు. అప్పటికి చర్మం పొరల్లో ఫంగస్ ఇంకా ఉంటుంది. క్లోట్రిమజోల్ లాంటి మందులను చర్మం మామూలుగా కనిపించాక కూడా ఒకట్రెండు వారాలు కొనసాగించాలని అందుకే చెబుతారు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, క్యాలెండర్‌లో రాసుకోండి.. కోర్సు మాత్రం పూర్తి చేయండి.

అరికాలు మొత్తం మందంగా మారినవాళ్లకు, గోళ్లకు కూడా పాకినవాళ్లకు పూత మందు ఒక్కటే సరిపోకపోవచ్చు. టెర్బినాఫిన్, ఇట్రాకొనజోల్ లాంటి మాత్రలు అవసరం కావచ్చు. ఇవి సొంతంగా కొనుక్కుని వేసుకునేవి కావు. లివర్ సమస్యలు ఉన్నవాళ్లు, వేరే మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ విషయం డాక్టర్‌కి ముందే చెప్పాలి. కాలి గోళ్లకు పట్టిన ఫంగస్‌కి టెర్బినాఫిన్ మాత్రలు సాధారణంగా 12 వారాలు ఇస్తారు. గోరు పూర్తిగా కొత్తగా పెరగడానికి ఏడాది వరకు పట్టొచ్చు.

ఆ 'అన్నిటికీ ఒకటే' ట్యూబ్‌తో జాగ్రత్త!

మెడికల్ షాపుకి వెళ్లి 'దురదకి ఏదైనా ఇవ్వండి' అంటే చాలాసార్లు చేతికొచ్చేది మిక్స్ క్రీమ్. అందులో ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, దాంతోపాటు ఒక గట్టి స్టెరాయిడ్ ఉంటాయి. రేటు తక్కువ, రిజల్ట్ వెంటనే కనిపిస్తుంది. అందుకే ఇంటింటా ఇది ఫేమస్.

కానీ లోపల జరిగేది వేరు. స్టెరాయిడ్ దురదని, ఎరుపుని వెంటనే అణిచేస్తుంది. దాంతోపాటు ఆ చోట ఫంగస్‌తో పోరాడే చర్మపు రక్షణ శక్తిని కూడా అణిచేస్తుంది. పైకి తగ్గినట్టు కనిపిస్తుంటే లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. క్రీమ్ ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది. మళ్లీ అదే క్రీమ్, మళ్లీ అదే కథ. కొన్నాళ్లకు మచ్చ రూపమే మారిపోయి, డాక్టర్ చూసినా వెంటనే గుర్తుపట్టలేని పరిస్థితి వస్తుంది. దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అనే పేరు కూడా ఉంది. అదే క్రీమ్ గజ్జల్లో రాసేవాళ్లలో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

అందుకే ట్యూబ్ మీద పేర్లు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్.. వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మంట బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కొద్ది రోజులకు డాక్టరే స్టెరాయిడ్ రాయడం వేరు, మనంతట మనం నెలల తరబడి పూసుకోవడం వేరు.

ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. కొన్నేళ్లుగా మన దేశంలో మొండి తామర బాగా పెరిగింది. టెర్బినాఫిన్‌కి లొంగని ఒక రకం ఫంగస్‌కి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది. ఇది ఎక్కువగా ఒంటి మీద, గజ్జల్లో కనిపిస్తుంది. ఈ మొండితనం పెరగడానికి స్టెరాయిడ్ మిక్స్ క్రీములను ఇష్టమొచ్చినట్టు వాడటం, మందు మధ్యలో ఆపేయడం ప్రధాన కారణాలని చర్మవైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. కాబట్టి మందు సరిగ్గా వాడినా 2 నుంచి 4 వారాల్లో మార్పు లేకపోతే, డోసు సొంతంగా పెంచకుండా స్కిన్ డాక్టర్‌ని కలవాలి.

కాలికి మందు రాశారు.. మరి షూ సంగతి?

కాలు నయం చేసుకుని, అదే తడి షూలో మళ్లీ పెడితే మొదటికొచ్చినట్టే. రాలిన చర్మపు పొరల్లో ఫంగస్ నెలల తరబడి బతికి ఉండగలదు. షూ లోపలి అట్ట దానికి మంచి ఇల్లు. అందుకే వైద్యం మొదలుపెట్టిన రోజే షూ, సాక్స్ పని కూడా మొదలుపెట్టాలి.

రెండు జతల షూ ఉంటే మార్చి మార్చి వేసుకోండి. ఒక జతకి కనీసం 24 గంటలు, వానలో తడిస్తే ఇంకా ఎక్కువ ఆరే సమయం ఇవ్వాలి. రెండో జత కొనే స్తోమత లేకపోతే ఇలా చేయండి. రన్ అవగానే లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుక పైకి లాగి, లోపలి అట్ట బయటికి తీయండి. షూలో పాత న్యూస్‌పేపర్ ఉండలు చుట్టి కుక్కండి. గంట, రెండు గంటలకోసారి తడిసిన పేపర్ మార్చండి. తర్వాత ఫ్యాన్ కిందో, గాలి ఆడే బాల్కనీలోనో ఉంచండి. లోపలి అట్టని విడిగా ఎండకి ఆరేయొచ్చు. రోజంతా మండుటెండలో షూ పెడితే జిగురు, ఫోమ్ పాడవుతాయి. తడి షూని కవర్‌లో చుట్టి బ్యాగులోనో, కారు డిక్కీలోనో వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు.

షూ కొనేటప్పుడు ముందు భాగం వెడల్పుగా ఉందో లేదో చూడండి. వేళ్లు ఒకదానికొకటి నొక్కుకోకూడదు. మెష్ ఉన్న షూ త్వరగా ఆరుతుంది.

ఇక సాక్స్. నూలు సాక్స్ మెత్తగా ఉంటాయి కానీ చెమటని పీల్చుకుని అలాగే పట్టి ఉంచుతాయి. రన్నింగ్‌కి చెమటని బయటికి లాగే సింథటిక్ లేదా ఉన్ని కలిసిన సాక్స్ మేలు. వేళ్లు బాగా దగ్గరగా ఉన్నవాళ్లకు ఐదు వేళ్ల సాక్స్ పనికొస్తాయి. ఒకసారి వేసుకున్న సాక్స్ ఉతక్కుండా రెండోసారి వేసుకోవద్దు. మామూలు చల్లనీళ్ల ఉతుకుతో ఫంగస్ పూర్తిగా పోదు. వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే సాక్స్, టవళ్లు అందులో వేయండి. మెషీన్ లేకపోతే వేడి నీళ్లలో సబ్బు పొడి వేసి నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో బాగా ఆరేయండి. కొన్ని రన్నింగ్ సాక్స్ వేడి తట్టుకోవు కాబట్టి లేబుల్ చూసుకోండి.

రన్‌కి ముందు, తర్వాత ఏం చేయాలి?

రన్‌కి ముందు: కాళ్లు, ముఖ్యంగా వేళ్ల సందులు పూర్తిగా పొడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. తరచూ వచ్చేవాళ్లు యాంటీఫంగల్ పౌడర్ సందుల్లో, సాక్స్‌లో చల్లుకోవచ్చు. మామూలు టాల్కమ్ పౌడర్ తడిని కొంత పీల్చుకుంటుంది కానీ ఫంగస్‌ని చంపదు. వైద్యం నడుస్తున్న రోజుల్లో క్రీమ్ రాయగానే షూ వేసేయకుండా కాసేపు ఇంకనివ్వండి.

రన్ తర్వాత: గ్రౌండ్‌లోనే షూ, సాక్స్ విప్పి చెప్పులు వేసుకోండి. కూల్‌డౌన్ అయ్యాక టీ కొట్టు దగ్గర గంటసేపు కబుర్లు చెప్పుకున్నా ఫర్వాలేదు, తడి సాక్స్‌తో మాత్రం వద్దు. ఇంటికెళ్లి సబ్బుతో కాళ్లు కడిగి, ఒక్కో వేలి సందు విడదీసి తుడవండి. కాళ్లకు విడిగా టవల్ పెట్టుకోండి. అదే టవల్‌తో గజ్జలు తుడిస్తే ఫంగస్ అక్కడికి చేరుతుంది.

చిన్న చిట్కా: కాలికి ఫంగస్ ఉన్నప్పుడు ముందు సాక్స్ వేసుకుని, ఆ తర్వాత డ్రాయర్, షార్ట్స్ వేసుకోండి. వినడానికి నవ్వొచ్చినా దీనికి కారణం ఉంది. సాక్స్ లేకుండా వేసుకుంటే పాదం గుడ్డకు రాసుకుని, ఫంగస్ పైకి ప్రయాణం చేస్తుంది. చాలామంది మగవాళ్లలో గజ్జల్లో తామర మొదలయ్యేది కాలి నుంచే. అందుకే గజ్జల్లో తామర మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఒకసారి వేళ్ల సందులు కూడా చూసుకోవాలి.

హాస్టల్, రూమ్, ఇంట్లో..

కామన్ బాత్రూమ్‌లో, జిమ్ షవర్‌లో, స్విమ్మింగ్ పూల్ దగ్గర చెప్పులు లేకుండా నడవొద్దు. టవల్, సాక్స్, షూ, గోళ్ల కత్తెర ఎవరివి వాళ్లవే. ఫ్రెండ్ షూ సైజు సరిపోయిందని ఈవెంట్ రోజు వేసుకోవడం కూడా రిస్కే. సైజు సరిపోయినా అందులో ఏముందో తెలీదు కదా!

ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ల కాళ్లు కూడా చూడాలి. అరికాళ్లు పొడిబారి పొట్టు రాలే పెద్దవాళ్లు ఉంటే, అది పగుళ్లా, ఫంగసా అన్నది తేల్చుకోవాలి. ఒకరు మందు వాడి, ఇంకొకరు వాడకపోతే అది ఇంట్లోనే తిరుగుతుంది. బాత్రూమ్ బయట ఎప్పుడూ తడిగా ఉండే కాలిపట్టాని వారానికి రెండుసార్లయినా ఉతికి ఎండలో వేయండి.

పసుపు, వెనిగర్, డెటాల్.. పని చేస్తాయా?

పసుపు, గోరింటాకు పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. వీటితో కొందరికి ఉపశమనంగా అనిపించొచ్చు కానీ, ఫంగస్ మందుకి ఇవి ప్రత్యామ్నాయం కావు. పసుపుని నూనెలో కలిపి సందుల్లో పెడితే తడి లోపలే ఉండిపోతుంది. నిమ్మరసం, వెనిగర్, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ లిక్విడ్, కిరోసిన్ లాంటివి చీలిన చర్మం మీద పోస్తే కాలిన గాయంలా మారుతుంది. లేచిన పొరని బ్లేడుతో గీకడం, గోళ్లతో పీకడం కూడా వద్దు. అలా పడిన గాయంలోంచే బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది.

రన్నింగ్ ఆపేయాలా?

చాలా సందర్భాల్లో అక్కర్లేదు. వేళ్ల సందుల్లో కొద్దిగా పొర లేవడం, దురద మాత్రమే ఉంటే మందు వాడుతూ, పొడి షూ, పొడి సాక్స్‌తో పరిగెత్తొచ్చు. ఈవెంట్‌కో, మారథాన్‌కో వారం పది రోజులే ఉందని మందు మానేయడం, లేదా త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ రాయడం చేయొద్దు.

అయితే పొక్కులు పగిలి రసి కారుతున్నా, చీలికల వల్ల అడుగు వేస్తే నొప్పి పుడుతున్నా కొన్ని రోజులు ఆగాలి. నొప్పి తప్పించుకోవడానికి కాలు పక్కకి వేస్తూ పరిగెత్తితే మోకాలు, చీలమండ మీద భారం మారి ఇంకో గాయం తెచ్చుకుంటారు. ఆ రోజుల్లో అప్పర్ బాడీ ఎక్సర్‌సైజులు చేసుకోవచ్చు. కామన్ పూల్‌లో ఈత మాత్రం వద్దు, ఇతరులకు అంటుకుంటుంది.

ఈ లక్షణాలుంటే వెంటనే డాక్టర్ దగ్గరికి!

అథ్లెట్స్ ఫుట్‌లో అసలు ప్రమాదం ఫంగస్ కంటే, అది తెరిచిన చీలిక. ఆ చీలిక గుండా బ్యాక్టీరియా లోపలికి వెళితే సెల్యులైటిస్ అనే ఇన్ఫెక్షన్ వస్తుంది. పాదమో, పిక్కో ఎర్రబడి, వేడిగా, వాచి, నొప్పి పుడుతుంది. జ్వరం, చలి రావచ్చు. ఎరుపు గంటగంటకీ పైకి పాకుతుంటే, లేదా కాలి మీద ఎర్రటి గీత పైకి వెళ్తుంటే అది ఎమర్జెన్సీ. క్రీములతో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

షుగర్ ఉన్నవాళ్ల విషయం పూర్తిగా వేరు. నరాల స్పర్శ తగ్గితే దురద, నొప్పి తెలియవు. చిన్న చీలికే పెద్ద పుండుగా మారే ప్రమాదం ఉంది. షుగర్ కంట్రోల్ కోసమే వాకింగ్, రన్నింగ్ మొదలుపెట్టినవాళ్లు ఎంతోమంది ఉంటారు. వాళ్లు రోజూ రాత్రి వెలుతురులో వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే అద్దం కింద పెట్టి చూసుకోవచ్చు, లేదా ఇంట్లోవాళ్లని చూడమనాలి. ఏమాత్రం తేడా కనిపించినా సొంత వైద్యం చేయకుండా డాక్టర్‌ని కలవాలి. కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా అంతే.

గోరు పసుపు రంగులోకి మారి, మందంగా అయి, పొడిలా రాలుతుంటే కూడా చూపించుకోవాలి. గోటిలో ఫంగస్ ఉన్నంతకాలం అక్కడి నుంచి చర్మానికి మళ్లీ వస్తూనే ఉంటుంది. లాంగ్ రన్ తర్వాత గోరు నల్లబడటం మాత్రం చాలాసార్లు షూ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం వల్లే. అయితే ఆ మచ్చ గోరుతో పాటు ముందుకి కదలకుండా అలాగే ఉన్నా, పెద్దదవుతున్నా డాక్టర్‌కి చూపించాలి.

గుర్తుపెట్టుకోవాల్సినవి

మందు: దురద పోయినా కోర్సు పూర్తయ్యే వరకు రాయాలి.

ట్యూబ్: పేర్లు చదవకుండా కొనొద్దు. స్టెరాయిడ్ ఉంటే డాక్టర్ చెబితేనే వాడాలి.

షూ: ఆరని షూలో కాలు పెట్టొద్దు. లోపలి అట్ట రోజూ బయటికి తీయాలి.

కాలు: కడగడం సగం పనే. సందులు తుడిచి ఆరబెట్టడం మిగతా సగం.

టైమ్: 2 నుంచి 4 వారాల్లో మార్పు లేకపోతే క్రీమ్ కాదు, డాక్టర్‌ని మార్గం అడగాలి. షుగర్ ఉన్నవాళ్లు మొదటి రోజే వెళ్లాలి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టే ముందు మీ ఆరోగ్య పరిస్థితి చెప్పి డాక్టర్ సలహా తీసుకోండి.)